గరిఫునాలకు ఆదివాసుల హక్కులు ఉండాలా?

తీరంవాసు: కరీబియన్‌లోని సెయింట్ విన్సెంట్ దీవిలో తప్పించుకొచ్చిన ఆఫ్రికన్లు, ముందునుంచీ అక్కడున్న కలినాగోలు కలిసిపోయి ఏర్పడిన జనం గరిఫునాలు. ఇప్పుడు ఎక్కువగా హోండురాస్, బెలీజ్, గ్వాటెమాలా తీరాల్లో ఉంటున్నారు. హోండురాస్‌కి వచ్చిందే 1797లో. అక్కడ అప్పటికే పెచ్, తొలుపాన్, మిస్కితో ప్రజలున్నారు. మరి వీళ్ళకీ ఆదివాసులతో సమానంగా ఉమ్మడి భూమి హక్కు ఏ లెక్కన ఇస్తారు? బ్రిటిష్ వాళ్ళు చేసింది ఘోరమే, కాదనను. కానీ జరిగిన అన్యాయం వేరు, నేల మీద హక్కు వేరు.

అలలహోరు: వాసు గారూ, ఈ వాదన మొదట ఎవరు చేశారో చూడండి. 1763 పారిస్ ఒప్పందంతో దీవి బ్రిటన్ చేతికొచ్చింది, తూర్పు వైపు మంచి సారవంతమైన నేల ఈ జనం చేతిలో ఉంది, చెరకు వేసేవాళ్ళకు అదే కావాలి. నేరుగా లాక్కుంటే బాగోదు కాబట్టి వీళ్ళు అసలు ఇక్కడి వాళ్ళే కాదు, కలినాగోల నేలను ఆక్రమించుకున్న నల్లవాళ్ళు అని ప్రచారం మొదలైంది. అక్కడే తోటలున్న విలియం యంగ్ 1795లో లండన్‌లో ఒక పుస్తకమే వేయించాడు. అదే ఏడాది మార్చి 14న వాళ్ళ నాయకుడు జోసెఫ్ చాటోయర్ యుద్ధంలో చనిపోయాడు. ఓడిపోయాక నాలుగు వేల మందికి పైగా జనాన్ని బాలిసో అనే చిన్న దీవిలో పడేస్తే జబ్బులతో దాదాపు సగం మంది అక్కడే పోయారు. కాస్త తెల్లగా ఉన్నవాళ్ళను వేరుచేసి వెనక్కి పంపి, నల్లగా ఉన్నవాళ్ళను ఓడలెక్కించి హోండురాస్ దగ్గరి రోఅతాన్ దీవిలో దించేశారు. ఒంటి రంగు చూసి ఎవరు స్థానికులో తేల్చింది వాళ్ళు! ఆ తూకమే ఇవాళ మనమూ వాడితే ఎలాగండి?

కొత్తపాఠకుడు: ఇంకోటి. వాళ్ళ భాష ఆఫ్రికా భాష కాదు, అరవాక్ కుటుంబంలోది. కర్రపెండలం తురిమి, విషపు రసం పిండేసి రొట్టె కాల్చే పద్ధతి కూడా ఆ దీవుల ఆదివాసులదే. డప్పుల్లో, పూర్వీకుల పూజల్లో ఆఫ్రికా వినిపిస్తుంది. రెండూ వాళ్ళవే, ఒకటి ఒప్పుకుంటే రెండోది పోవాలని రూలేం లేదుగా.

తీరంవాసు: సెయింట్ విన్సెంట్ వరకూ ఒప్పుకుంటాను అలలహోరు గారూ, ఆ నేల వాళ్ళదే. నేను అడిగేది హోండురాస్ గురించి. బలవంతంగా తెచ్చి దించినా సరే, అది వేరేవాళ్ళ నేల.

అలలహోరు: అప్పటి స్పెయిన్ అధికారులే 1797లోనే వాళ్ళను రోఅతాన్ నుంచి హోండురాస్‌లోని త్రుహియో తీరానికి తీసుకెళ్ళారండి. స్పెయిన్ నుంచి హోండురాస్ విడిపోయింది 1821లో, అంటే ఆ దేశం పుట్టకముందునుంచీ వాళ్ళు ఆ తీరంలో చేపలు పడుతూ, పంట వేసుకుంటూ ఉన్నారు. ఇంకా ముఖ్యమైన సంగతి, ఇప్పుడు వాళ్ళ భూమి పోతోంది పెచ్ వాళ్ళకో తొలుపాన్ వాళ్ళకో కాదు. త్రియున్ఫో దె లా క్రూస్ అనే గరిఫునాల ఊరు చూడండి. 1989లో తేలా మున్సిపాలిటీ తన హద్దులు పెంచుకుని ఆ ఊరి భూమిని కలిపేసుకుంది, తర్వాత అందులో ముక్కలు బయటివాళ్ళకు అమ్మింది. సముద్రం ఒడ్డు కదా, టూరిజం వాళ్ళకు బంగారం. కేసు అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టుదాకా వెళ్తే, ఉమ్మడి ఆస్తి హక్కును హోండురాస్ ఉల్లంఘించిందని 2015లో తీర్పు ఇచ్చింది. మీరు పెచ్ వాళ్ళ గురించి మాట్లాడితే నేను మీ పక్కనే నిలబడతాను, వాళ్ళ భూమీ కాపాడాల్సిందే. కానీ ఆ పేరు చెప్పి లాభపడేది రిసార్టులు కట్టేవాళ్ళు.

తీరంవాసు: తీర్పు వచ్చాక భూమి తిరిగిచ్చారా మరి?

అలలహోరు: ఇవ్వమని అడుగుతూనే ఉన్నారు. 2020 జూలైలో ఆ ఊరి నాయకుడు స్నైడర్ సెంతెనోనూ మరికొందరినీ పోలీసు చొక్కాలు తొడుక్కుని తుపాకులతో వచ్చినవాళ్ళు ఇళ్ళలోంచి ఎత్తుకెళ్ళారు.