తెల్ల కోట్ల సైనికులు సుద్దముక్కల్లా వస్తాన్నారు, ఏం చేయాలన్నా?

తుంగభద్ర_కర్నూలు:
అన్నలకు నమస్తే. 1/72 సైజు (అసలు మనిషిలో 72వ వంతు) ప్లాస్టిక్ బొమ్మలతో యూరప్‌లో జరిగిన ఏడేళ్ల యుద్ధం సైన్యాలు, ప్రష్యా, ఆస్ట్రియా రెండు వైపులా తయారు చేస్తాండా, 1757 డిసెంబర్ 5న జరిగిన లాయ్‌తెన్ యుద్ధం టేబుల్ మీద ఆడాలని. ప్రష్యా నీలం కోట్లు బాగానే వచ్చినాయి, 24 మంది బెటాలియన్ ఒకటి అయిపోయింది. ఆస్ట్రియా దగ్గరే ఇరుక్కున్నా. కోటు తెలుపు, బెల్టులు తెలుపు, బ్రీచెస్ (మోకాళ్ల దాకా ఉండే ప్యాంటు) కూడా తెలుపే, మూడూ కలిసిపోయి సుద్దముక్క నిలబెట్టినట్టుంది. సరిగ్గా కనపడాలని మూడు కోటింగులు వేస్తే గుండీలు కూడా పూడిపోయినాయి. పైగా ఈ ఎండకు పెయింట్ బ్రష్ మీదే ఎండిపోతాంది, మిద్దె మీద ప్రైమర్ స్ప్రే కొడితే ఇసుక చల్లినట్టు గరుకుగా వచ్చింది. ఆ యుద్ధంలో ఆస్ట్రియావాళ్లు ఇంచుమించు రెట్టింపు కాబట్టి తెల్లకోట్లే ఎక్కువ కావాల, ఇంకా 60 మంది ఉన్నారు. ఎట్ల చేయాల?

పెన్నా_కడప:
తమ్ముడూ, ఆ గరుకు ఎండ వల్లే. స్ప్రే బొమ్మను తాకేలోపే గాల్లో ఎండిపోయి పొడిగా పడుతుంది. పొద్దున ఆరు గంటలకే కొట్టు, జానెడు దూరం నుంచి, కొంచెం కొంచెంగా. అంతకుముందు బొమ్మల్ని సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టు, లేకపోతే ఈ మెత్త ప్లాస్టిక్ మీద పెయింట్ నిలవదు, తుపాకీ కొంచెం వంగితే పొలుసులు లేచిపోతుంది. బ్రష్ మీద ఎండకుండా ఉండాలంటే మూతున్న టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి పరిచి దానిపైన బటర్ పేపర్ వేసి ఆ పేపర్ మీద రంగు కలుపుకో, నాకు మే నెలలో కూడా పూటంతా తడిగానే ఉంటుంది. ఫ్యాన్ మాత్రం ఆపాల, చెమట పట్టినా సరే.

ధర్మవరం_రంగులు:
తెలుపును తెలుపుతో మొదలుపెట్టొద్దు బ్రో. మా పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ల దగ్గర చిన్నప్పుడు గంటలు గంటలు కూర్చునేవాణ్ణి, ఆ బొమ్మకు ముదురు గీత ఎందుకంటే తెర ముందు దూరంగా కూర్చున్నోడికి చెయ్యేదో నగ ఏదో తెలియాల. నీ సైనికుణ్ణి కూడా చూసేది టేబుల్ ఆ పక్క నుంచే కదా, మూడు అడుగుల దూరం. అందుకే కోటు మొత్తం లేత బూడిద రంగు పల్చగా ఒక్క కోటింగ్ వెయ్యి. ఆరినాక భుజాలు, చేతుల పైభాగం, మడతల అంచులు, అంటే వెలుతురు పడే చోట మాత్రమే తెలుపు. తర్వాత సన్న బ్రష్‌తో బెల్టుకు రెండు పక్కలా, కోటు అంచు కింద, ముదురు గీత. నలుపు వద్దు, తెలుపు పక్కన మరీ కొట్టొచ్చినట్టుంటుంది, బూడిద కలిపిన బ్రౌన్ వెయ్యి. చివర్లో కోటు చేతుల చివర మడతలకు, అంటే కఫ్‌లకు, ఎరుపు, లేదా రెజిమెంట్‌ను బట్టి నీలం. ఆ ఎరుపు పడినాకే పక్కనున్న తెలుపు తెల్లగా కనిపిస్తుంది, నమ్ము.

పెన్నా_కడప:
లాయ్‌తెన్ అయినాక మనది కూడా చెయ్యి తమ్ముడూ. 1751 ఫిబ్రవరిలో రాయచోటి దగ్గర జరిగిన పోరులోనే కదా అప్పటి నిజాం ముజఫర్ జంగ్ చనిపోయింది, మీ కర్నూలు నవాబు సైన్యం ఒక పక్క, సేనాని బుస్సీ నడిపిన ఫ్రెంచివాళ్లు ఇంకో పక్క. నవాబు మనుషులకు ఒకే యూనిఫాం లేదు, ఒక్కొక్కనికి ఒక్కో తలపాగా ఒక్కో రంగు, వేసేకొద్దీ వెయ్యాలనిపిస్తుంది. నేలకు మన ఎర్రమట్టే టీ జల్లెడ పట్టి ఫెవికాల్ మీద చల్లు.

తుంగభద్ర_కర్నూలు:
అన్నా రాత్రి ఒక్కని మీద ట్రై చేసినా. బూడిద, తెలుపు, గీత, ఎరుపు, మీరు చెప్పిన వరసలోనే. బెల్టు విడిగా కనపడింది! అల్మారా మీద పెట్టి తలుపు దగ్గర నిలబడి చూసినా, అక్కడికీ తెలుస్తాంది. మా నాయన కూడా చూసి వీడెవడో సిపాయిలెక్క ఉన్నాడే అన్నాడు. ఒక్క డౌటు, ముందు మందంగా వేసి పాడుచేసిన 11 మందిని మళ్లీ తీసి కడగొచ్చా?

ధర్మవరం_రంగులు:
పారెయ్యొద్దు. డెట్టాల్‌లో ఒక రాత్రి నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దు, గ్లవ్స్ వేసుకో. రుద్దేంతవరకు నీళ్లు తగలనివ్వొద్దు, ముందే తగిలితే బంకగా అయిపోతుంది. ఫస్ట్ ఒక్క బొమ్మ మీద చూసుకుని మిగతావి వెయ్యి.