సీజనులో పరుగెత్తే నేను యార్డు మూశాక ఎందుకు కదలలేకపోతున్నాను?

బ్రాడీపేట గుమస్తా:
నాకు 34 ఏళ్ళు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో పదకొండేళ్ళుగా లెక్కలు రాస్తున్నాను. నిరుడు విజయవాడలో ఒక సైకియాట్రిస్టు నా చిన్ననాటి సంగతులన్నీ మా అమ్మను అడిగి తెలుసుకుని, నాకున్నది ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలపడం, పని మొదలుపెట్టడం కష్టమయ్యే మెదడు తీరు అని తేల్చారు. మందు వాడుతున్నాను, కొంత గుణం కనిపిస్తోంది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొట్టు ముందు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, గుట్టలుగా పడి ఉంటే, హమాలీల కేకలు, కాటా దగ్గర రైతుల తొందర, ఘాటుకు ఆగని తుమ్ముల మధ్య కూడా ఒక్క తప్పు లేకుండా తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే అమ్మకపు లెక్క చీటీలు, రాయగలను. మే నెలలో యార్డుకు వేసవి సెలవులిచ్చాక, ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని చేయవలసిన జీఎస్‌టీ పని మాత్రం ముందుకు సాగదు. అమ్మకాల వివరాలకు 11వ తేదీ, రిటర్నుకు 20వ తేదీ గడువని నాకు కంఠతా వచ్చు. కూర్చుంటే గంటన్నరలో అయిపోతుందనీ తెలుసు. ఫైలు తెరుస్తాను, పెన్ను మూత తీస్తాను, పెడతాను, మళ్ళీ తీస్తాను, అంతలో సాయంత్రమవుతుంది. పోయిన జూన్‌లో ఆరు రోజులు ఆలస్యమై, రోజుకు 50 రూపాయల చొప్పున పడ్డ రుసుమును నా జీతంలో పట్టుకున్నారు. ఆ 300 రూపాయల కంటే షావుకారు హమాలీల ముందు అన్న మాట ఎక్కువ గుచ్చుకుంది. ఆయన మధ్యాహ్నానికే మరచిపోయారు, నాకు మాత్రం నాలుగు రాత్రులు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు చేతి చిట్టాలు ఆపి అంతా కంప్యూటరులోకి మార్చాలంటున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి కడుపులో దేవినట్లుగా ఉంది. ఇదంతా బద్ధకమేనా?

పాత మాస్టారు:
బాబూ, తెల్లవారుజామున నాలుగింటికి లేచి పనిలో పడితే మనసు తనంతట తానే దారికి వస్తుంది. మా కాలంలో ఈ పేర్లేవీ లేవు.

భవానీపురం అక్క:
మాస్టారూ, పేర్లు లేవన్నది నిజమే. 2013లో అమెరికా సైకియాట్రీ సంఘం తన నిర్ధారణ గ్రంథాన్ని సవరించేవరకు, ఒకే మనిషికి ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయని రాయడానికి ఆ గ్రంథం ఒప్పుకునేది కాదు. మనుషులు మాత్రం అప్పుడూ ఉన్నారు, ఇంటింటా వాళ్ళకు వేరే పేర్లు ఉండేవి. నాకు ఆ రెండూ ఉన్నాయని 38వ ఏట తెలిసింది.

తమ్ముడూ, సీజనులో మీ చేత పని చేయిస్తున్నది కాటా దగ్గర నిలబడ్డ ఆ రైతు. పని ముఖ్యమని తెలిసినంత మాత్రాన మనలాంటివారికి చేయి కదలదు. ఆసక్తో, కొత్తదనమో, నెత్తి మీదికి వచ్చిన గడువో, పక్కన ఒక మనిషో ఉండాలి. మే నెలలో లేని ఆ రైతును మీరే ఎక్కడి నుంచైనా తెచ్చుకోవాలి. నేను నెలవారీ నివేదిక రాసే రోజున మా పిన్ని కూతురు ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంది. నాతో మాట్లాడదు, నా పని వైపు చూడదు. ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిందంటే నేను వాక్యం మధ్యలో ఆగిపోతాను.

ఇక మార్పు సంగతి. ఆటిజం ఉన్నవారికి అలవాటైన పద్ధతి మారితే తట్టుకోవడం కష్టం. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి చుట్టూ దారులు మూసి బస్సులను మళ్ళిస్తారు. ఏటా జరిగేదే, ముందే చెప్పేదే. అయినా గవర్నరుపేటలోని ఆఫీసుకు వేరే దారిన వెళ్ళవలసి వచ్చిన రోజున, సాయంత్రం ఇంటికి వచ్చి పప్పులో ఉప్పు తగ్గిందని గిన్నె విసిరికొట్టిన సందర్భాలున్నాయి. ఇంట్లో అందరూ దాన్ని కోపమే అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఆ బిగువు పొద్దున బస్సు దిగినప్పుడే మొదలైందని పోల్చుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది. తనలో కలిగే భావం ఏమిటో తనకే అందకపోవడాన్ని అలెక్సిథైమియా అంటారనీ, ఆటిజం ఉన్నవారిలో చాలామందికి అది ఉంటుందనీ తరువాత చదివాను. అందుకే ఇప్పుడు మనసులో ఏముందని వెతుక్కోను. దవడ బిగిసిందా, మంచినీళ్ళు తాగి ఎంతసేపయింది అని చూసుకుంటాను. మళ్ళింపులు మొదలయ్యే ముందు ఆదివారం ఆ కొత్త దారిలో ఒకసారి వెళ్ళి వస్తాను. మూలా నక్షత్రం రోజున మాత్రం సెలవు పెట్టేస్తాను, ఆ జనంలో నా వల్ల కాదు.

కంప్యూటరు వచ్చాక కూడా ఒక నెలపాటు చేతి చిట్టాను పక్కనే ఉంచుకోనివ్వమని అడిగి చూడండి.

కృష్ణలంక వాసి:
మీరు అడగకపోయినా, షావుకారుకు ఈ పేరు చెప్పాలా వద్దా అన్న ప్రశ్న మీకు రేపో మాపో ఎదురవుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం, లెక్కల్లో ఇబ్బంది) ఉన్నాయి గాని ఏడీహెచ్‌డీ విడిగా లేదు. కనుక చట్టం చూపించి అడిగే వీలు మీకు తక్కువ. నేను మా యజమానికి పేరు చెబితే, "మా బావమరిదికీ ఏదీ గుర్తుండదు" అని నవ్వేశారు. అప్పటి నుంచి పేరు ఎత్తకుండా, తప్పుంటే చీటీ మీద రాసి ఇవ్వమని, ఒక పని అయ్యాకే రెండోది చెప్పమని మాత్రమే అడుగుతున్నాను. ఆయన చాలావరకు పాటిస్తున్నారు.

మందు విషయంలో ఒక మాట. అటమాక్సెటిన్ అయితే పూర్తి ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది. మిథైల్‌ఫెనిడేట్ అయితే కొన్ని గంటలే పనిచేస్తుంది, కాబట్టి మందు ఎప్పుడు వేసుకుంటున్నారో, ఫైలు ఎప్పుడు తెరుస్తున్నారో రెండూ రాసిపెట్టి డాక్టరుకు చూపించండి. మోతాదును మీరుగా మార్చకండి. రాత్రిళ్ళు మరీ భారంగా ఉంటే 14416కు, అంటే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్‌కు, ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

బ్రాడీపేట గుమస్తా:
అక్కా, నిన్న అరండల్‌పేట నుంచి మా మేనమామ కొడుకును పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాను. వాడు ఫోనులో క్రికెట్ చూస్తూ ఉండిపోయాడు. గంటా పది నిమిషాల్లో నెల బిల్లులన్నీ ఎక్కించేశాను. ప్రతి నెలా రావాలా అని వాడు బేరం పెట్టి, రెండు ప్లేట్ల మిరపకాయ బజ్జీలకు ఒప్పుకున్నాడు. చేతి చిట్టాకు షావుకారు నెల ఇవ్వలేదు గాని పదిహేను రోజులు ఇచ్చారు. చీటీ సంగతి ఇంకా అడగలేదు, నోరు రావడం లేదు.

మాస్టారూ, నాలుగింటికి లేస్తూనే ఉన్నానండీ. సీజనులో లారీలు వచ్చేది ఆ వేళకే.