నీలగిరుల్లో వాటిల్ చెట్లను పూర్తిగా తొలగించాలా?

పర్వతప్రియ: ఊటీ ఎగువన ఒక కొండ మీద ఏపుగా పెరిగిన వాటిల్ తోపును కొట్టించి, ఆ చోట గడ్డి నాటిస్తుండగా చూసి మనసు చివుక్కుమంది. వేగంగా పెరిగే చెట్టు, పైగా నేలలో నత్రజనిని నిలిపే జాతి. అలాంటి దాన్ని తీసి గడ్డి పెంచడం వల్ల కొండకు ఒరిగేదేమిటో తెలిసినవారు వివరించగలరు.

కొండగడ్డి: పర్వతప్రియ గారూ, మీ బాధ అర్థమవుతోంది గానీ, ఆ తోపు అక్కడి సహజమైన అడవి కాదు. నీలగిరుల ఎగువ భాగంలో మడతల్లోనూ వాగుల వెంబడీ పొట్టి చెట్ల షోలా అడవి, మిగతా వాలుల మీద గడ్డి ఉండేవి. ఆగ్నేయ ఆస్ట్రేలియాకు చెందిన నల్ల వాటిల్ 19వ శతాబ్దంలో ఆంగ్లేయుల కాలంలో ఇక్కడికి వచ్చింది. మన దగ్గర తంగేడు చెక్కతో తోళ్లు పదును చేసినట్టే దీని బెరడుతోనూ చేయవచ్చు కనుక, స్వాతంత్ర్యం తరువాత గడ్డి వాలుల్లో దీన్ని విస్తారంగా నాటారు. బీడని లెక్కకట్టిన ఆ నేలే నీలగిరి తార్ అనే కొండమేక మేసే చోటు, పన్నెండేళ్లకొకసారి నీలకురింజి పూచే చోటు. మీరు మేలు అనుకుంటున్న నత్రజని కూడా అక్కడ చేటే, ఎందుకంటే సారం తక్కువైన నేలకు అలవాటుపడిన గడ్డిని తోసేసి కలుపు మొక్కలు బలుస్తాయి.

తోపు కింద పిడికెడు మట్టిని అరచేతిలో పరిచి చూడండి. పెసరగింజ కన్నా కాస్త చిన్నవైన నల్లటి గింజలు కనిపిస్తాయి. గట్టి పెంకు వల్ల అవి దశాబ్దాల తరబడి చావవు, నిప్పు సోకితే ఒక్కసారిగా మొలుస్తాయి. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు 1864లో చేరిన ఈ చెట్టు వాగుల వెంట పాకి నీటిని తాగేస్తుండటంతో, అక్కడి ప్రభుత్వం 1995లో ఇలాంటి పరాయి చెట్లను కొట్టే పనిని పేదలకు ఉపాధిగా మలిచింది. బెరడు కోసం వాటిల్ పెంచే తోటల యజమానులకు నష్టం రాకుండా, గింజలను మాత్రమే తినే ముక్కుపురుగును కూడా ఆస్ట్రేలియా నుంచి తెచ్చి వదిలారు.

లోయవాసి: గడ్డి వాలుల మాట ఒప్పుకుంటాను. అయితే పళని కొండల్లో పాత వాటిల్ తోపుల నీడన షోలా మొక్కలు తమంతట తామే లేచి వస్తున్నాయి. అక్కడ ఒక్క వేటున కొట్టేస్తే ఎండ పడి యూపటోరియం వంటి కలుపు కమ్ముకుంటుంది, లేత షోలా మొక్కలు నలిగిపోతాయి. చలికొండల్లో ఈ కట్టెతోనే పొయ్యి వెలిగించుకునే ఇళ్లనూ మరువకూడదు.

కొండగడ్డి: లోయవాసి గారి మాట సరైనదే, “పూర్తిగా” అన్న పదాన్ని నేనూ సమర్థించను. షోలా మొక్కలు లేచిన చోట పెద్ద చెట్లను ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పలుచన చేసి, ఆ కట్టెను ఊళ్లకే ఇవ్వాలి. గడ్డి ఇంకా మిగిలి ఉన్న వాలుల్లో మాత్రం వాటిల్ మొక్కను ఆలస్యం చేయకుండా వేరుతో పీకాలి, ఎందుకంటే గడ్డి ఒకసారి పూర్తిగా పోయాక మళ్లీ తేవడం చాలా కష్టం. ఏటా మొలకలు పీకే కూలీకి డబ్బు కేటాయించకుండా గొడ్డలి పట్టడాన్ని నేను వ్యతిరేకిస్తాను. పర్వతప్రియ గారూ, వచ్చే వానల తరువాత అదే కొండకు వెళితే, గడ్డి దుబ్బుల మధ్య వాటిల్ మొలకలు ఎన్ని లేచాయో, వాటిని ఎవరైనా పీకుతున్నారో లేదో చూసి ఇక్కడ రాయండి.