కాలేజీ క్వార్టర్‌బ్యాక్‌కి పాసింగ్ వచ్చో రాదో ఎలా తేలుస్తారు? (ఆర్చ్ మ్యానింగ్ గొడవతో మొదలు)

ఆస్టిన్_బాబాయ్:
అందరికీ నమస్కారం. 2025 కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ అయిపోయింది కానీ మన టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ (క్యూబీ, అంటే పాస్‌లు విసిరేవాడు) ఆర్చ్ మ్యానింగ్ మీద మా ఆఫీసులో వాదన మాత్రం తెగలేదు. ఒకాయన ఒహాయో స్టేట్ మ్యాచ్ గుర్తుచేసి "వీడికి పాస్ వేయడమే రాదు" అంటాడు. ఇంకొకాయన వాండర్‌బిల్ట్ మ్యాచ్ తీసి "ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఫస్ట్ రౌండ్ పక్కా" అంటాడు. చూస్తే ఇద్దరి దగ్గరా లెక్కలున్నాయి. ఒహాయో స్టేట్ ఊరు కొలంబస్‌లో 30 పాస్‌లకి 17 చేతికందాయి, 170 గజాలు, ఒక టచ్‌డౌన్ (బాల్‌ని అవతలి ఎండ్‌జోన్‌లోకి చేర్చి చేసే స్కోరు), ఒక ఇంటర్‌సెప్షన్ (ఎదుటి జట్టు పట్టేసిన పాస్). నంబర్ వన్ ర్యాంకుతో వెళ్లి 14-7తో ఓడొచ్చాం. ఆ తర్వాత సొంత గడ్డ మీద యూటెప్ లాంటి చిన్న టీమ్‌పై 25కి 11, 114 గజాలు, ఒక టచ్‌డౌన్, ఒక ఇంటర్‌సెప్షన్. వరసగా పది పాస్‌లు ఎవరి చేతికీ అందలేదు, స్టాండ్స్‌లో మనవాళ్లే బూ కొట్టారు. నవంబర్ మొదట్లో వాండర్‌బిల్ట్ మీద మాత్రం 33కి 25, 328 గజాలు, మూడు టచ్‌డౌన్లు.

తాత ఆర్చీ, బాబాయిలు పేటన్, ఈలై. ఆ ఇంటిపేరు పక్కన పెట్టి చూడటం ఎవరికీ చేతకావడం లేదు. నా ప్రశ్న ఒకటే. ఇరవై ఒక్కేళ్ల కుర్రాడి పాసింగ్‌ని చూసి అంచనా వేయాలంటే మీరు దేన్ని చూస్తారు? పిల్లల్ని ఆడిస్తున్నవాళ్లు, ఏళ్లుగా చూస్తున్నవాళ్లు చెప్పండి. "ఆర్మ్ టాలెంట్ ఉంది" అనే ముక్క టీవీలో రోజూ వింటున్నాం, అది వద్దు.

లెక్కల_మాస్టారు:
ముందు అంకెల సంగతి తేల్చేద్దాం. కాలేజీ వాళ్ల పాసింగ్ ఎఫిషియెన్సీ ఫార్ములా చాలామందికి తెలియదు. గజాలను 8.4తో గుణించి, టచ్‌డౌన్‌కి 330, కంప్లీషన్‌కి (చేతికందిన పాస్‌కి) 100 కలిపి, ఇంటర్‌సెప్షన్‌కి 200 తీసేసి, మొత్తాన్ని వేసిన పాస్‌లతో భాగించాలి. మీరిచ్చిన మూడు మ్యాచ్‌లకీ వేస్తే ఒహాయో స్టేట్ 108.6, యూటెప్ 87.5, వాండర్‌బిల్ట్ 189.2 వస్తాయి.

ఇప్పుడు దీంట్లో ఏం కనిపించదో చూడండి. స్క్రీన్ పాస్ (దగ్గర్లోనే అందించే చిన్న పాస్) వేస్తే రిసీవర్ 60 గజాలు పరిగెత్తినా ఆ గజాలన్నీ క్యూబీ ఖాతాలోకే. చేతిలో పడ్డ బాల్‌ని రిసీవర్ జారవిడిచినా, రిసీవర్ తలపై నుంచి బాల్ స్టాండ్స్‌లోకి పోయినా రెండూ ఒకటే లెక్క. ఇంకో తిరకాసు ఉంది. కాలేజీలో సాక్ (పాస్ వేయకముందే క్యూబీని పడేయడం) అయితే పోయిన గజాలను రన్నింగ్ లెక్కలో కోస్తారు, పాసింగ్‌లో కాదు. ఫ్లోరిడా మీద ఆర్చ్ ఆరుసార్లు సాక్ అయ్యాడు. బాల్ పట్టుకుని తాత్సారం చేయడం వల్ల అందులో ఎన్ని అయ్యాయో పాసింగ్ లైన్ చూస్తే ఎప్పటికీ తెలియదు.

ప్లేయాక్షన్_పిచ్చోడు:
మాస్టారూ బాగా చెప్పారు. నేను మాత్రం బాల్‌ని చూడనే చూడను, కాళ్లు చూస్తాను. చెయ్యి మీద గ్రాఫిక్స్ వేసే టీవీ వాళ్లకి కాళ్లు పట్టవు.

స్నాప్ (ఆట మొదలుపెడుతూ వెనక్కి ఇచ్చే బాల్) అందుకుని వెనక్కి అడుగులు వేస్తాడు కదా, ఆ ఆఖరి అడుగు నేల తాకేసరికి రిసీవర్ మలుపు తీసుకోవాలి, అప్పటికి బాల్ చేతిలోంచి వెళ్లిపోవాలి. రిసీవర్ తిరిగి ఖాళీగా కనిపించాక వేస్తే కాలేజీలో నడిచిపోతుంది, పై స్థాయిలో కార్నర్ (రిసీవర్‌ని కాసే డిఫెండర్) ఎగరేసుకుపోతాడు. అందుకే రిప్లే వచ్చినప్పుడు బాల్ వదిలిన క్షణంలో పాజ్ చేసి రిసీవర్ ఎక్కడున్నాడో చూడండి. ఇంకా తిరగలేదంటే ఆ క్యూబీ ముందే ఊహించి వేశాడు. ఇది వచ్చినవాడికి చేతి బలం కాస్త తక్కువైనా పర్లేదు.

ఆర్చ్ సంగతికొస్తే, సెప్టెంబర్‌లో వాడి ముందు కాలు టార్గెట్ వైపు ఉండేది కాదు. నడుము తిరగకుండానే మోచేయి కిందికి దించి పక్కవాటంగా విసిరేవాడు. దగ్గరున్న మనిషికి వేసింది కూడా మోకాళ్ల కింద పడేది. పాకెట్ (క్యూబీ చుట్టూ సొంత ఆటగాళ్ల కాపలా) బాగానే ఉన్నప్పుడు కూడా అలా వేయడం నాకు భయం వేసింది. నవంబర్‌కల్లా అది చాలావరకు సర్దుకుంది.

చార్‌మినార్_చీర్స్:
అన్నా, నేను క్రికెట్ మనిషిని, ఇక్కడికి వచ్చాక నేర్చుకుంటున్నా. బౌండరీ దగ్గర్నుంచి కీపర్ గ్లౌజుల్లోకి కొట్టేవాడిని మనం మెచ్చుకుంటాం కదా, మరి ఇక్కడ చేతి బలం ఎందుకు లెక్కలోకి రాదు?

ప్లేయాక్షన్_పిచ్చోడు:
వస్తుంది తమ్ముడూ, కాకపోతే 70 గజాలు విసరడంలో కాదు. చేతి బలం పరీక్ష వేరే ఉంది.

కాలేజీ మైదానంలో హాష్ మార్కుల (బాల్ పెట్టే హద్దు చూపే రెండు గీతల వరసల) మధ్య 40 అడుగులు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. కాబట్టి కాలేజీలో బాల్ ఎడమ హాష్ మీద ఉండి, కుడివైపు సైడ్‌లైన్ దగ్గరికి ఔట్ రూట్ (రిసీవర్ ముందుకెళ్లి సైడ్‌లైన్ వైపు తిరిగే దారి) వేయాలంటే అడ్డంగానే 100 అడుగులు, అంటే 33 గజాలు. రిసీవర్ 12 గజాల దగ్గర తిరుగుతాడు, క్యూబీ వెనక 7 గజాల్లో ఉంటాడు. ఏటవాలుగా లెక్కేస్తే బాల్ గాలిలో దాదాపు 38 గజాలు వెళ్తుంది, స్కోర్‌బోర్డు మీద మాత్రం 12 గజాలని పడుతుంది! ఆ త్రో గాలిలో తేలుతూ వెళ్తే కార్నర్ మధ్యలో దూరి తీసుకుని నేరుగా ఎండ్‌జోన్ దాకా పరిగెత్తుతాడు. స్కౌట్‌లు వెతుక్కునేది ఇలాంటి త్రోనే. మ్యాచ్‌లో ఇవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి, అవి దాటిపోకుండా చూడండి.

ఫ్రిస్కో_అమ్మ:
మా అబ్బాయి హైస్కూల్ జేవీ (జూనియర్ జట్టు)లో క్యూబీ. ఎండాకాలం అంతా సెవెన్ ఆన్ సెవెన్ (ఏడుగురేసి ఆడే) టోర్నమెంట్లకి తిప్పుతాం, కారు వెనక సీటంతా క్లీట్స్ (ఆట బూట్లు) వాసన. అక్కడ వీడు రాజా! లైన్‌మెన్ ఉండరు, మీదపడేవాడు ఉండడు, టైమర్ ఒక్కటే. ఎంచక్కా చూసి వేస్తాడు. వీడియోలు తీసి అమలాపురంలో వాళ్ల తాతయ్యకి పంపితే "మనవడు అమెరికా టీమ్‌కి ఆడతాడు" అని ఊరంతా చెప్పారు.

సీజన్ మొదలయ్యాక అదే పిల్లాడు వేరే మనిషి. ఎదురుగా పెద్ద పిల్లలు పరిగెత్తుకొస్తుంటే కళ్లు రిసీవర్ల మీద నుంచి దిగి వాళ్ల మీదకి పోతాయి. బాల్ ఇంకా గట్టిగానే వెళ్తుంది, వెళ్లాల్సిన చోటికి మాత్రం కాదు. వాళ్ల కోచ్ ఒకాయన కంప్లీషన్లు అసలు రాసుకోరు. రిసీవర్ బాల్ పట్టాక ఆగకుండా పరిగెత్తగలిగాడా లేదా అన్నదే నోట్ చేసుకుంటారు. క్యాచ్ పట్టడానికి వెనక్కి తిరగాల్సివస్తే అది కంప్లీషన్ అయినా ఆయన పుస్తకంలో తప్పే. స్లాంట్ (రిసీవర్ ఏటవాలుగా లోపలికి తిరిగే దారి) అయితే ముందు వైపు భుజానికి, డిఫెండర్ వీపు మీద ఉంటే అవతలి వైపుకి వేయాలంటారు. నేను ఇప్పుడు పెద్ద మ్యాచ్‌లు కూడా అలాగే చూస్తున్నాను. మా వారికి విసుగు, ప్రతి క్యాచ్‌కీ రిమోట్ లాక్కుని వెనక్కి తిప్పుతున్నానని.

బఫెలో_బిడ్డ:
మీరంతా సాంకేతికంగా చెప్తున్నారు, నేను చరిత్ర చెప్తా. క్యూబీ జాష్ ఆలెన్ వయోమింగ్ కాలేజీలో 2017లో చేతికందించిన పాస్‌లు 56.3 శాతం. అంకెల వాళ్లంతా "ఇలాంటివాడు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో గురి నేర్చుకోడు" అని రాశారు. మా బఫెలో బిల్స్ 2018 డ్రాఫ్ట్‌లో ఏడో పిక్‌లో తీసుకున్నారు. మొదటి ఏడాది 52.8, నేను తల పట్టుకున్నా. 2020లో 69.2! గురి పుట్టుకతో రావాలన్నవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో. 2025 సీజన్‌లో ఆర్చ్‌కి 21, వదిలేయండి వాడిని.

లెక్కల_మాస్టారు:
బిడ్డా, ఆ ఆలెన్ పేరు చెప్పి ఎంతమందిని ముంచారో చూడు. ఆంథనీ రిచర్డ్‌సన్ ఫ్లోరిడాలో 2022లో 53.8 శాతం. పొడుగు, వేగం, చెయ్యి అన్నీ ఉన్నాయి. "ఇంకో ఆలెన్" అంటూ కోల్ట్స్ జట్టు 2023లో నాలుగో పిక్ వాడారు. 2024లో 47.7 శాతం, మరుసటి ఏడాది బెంచ్. ఆలెన్ మారాడన్నది నిజమే. త్రో వేసే తీరుని ఎండాకాలాల్లో మొదటి నుంచి దిద్దుకున్నాడు, అదే కోఆర్డినేటర్ (అఫెన్స్ కోచ్) డేబల్ కింద ఏళ్లు గడిపాడు, 2020లో రిసీవర్ స్టెఫాన్ డిగ్స్ వచ్చాడు. ఇవన్నీ కలిసొస్తాయని లెక్కేసి కుర్రాడిని తీసుకోవడం లాటరీ టికెట్ కొనడమే.

బఫెలో_బిడ్డ:
మాస్టారూ, మాకు లాటరీ తగిలింది మరి 😄

గ్యాలరీ_టికెట్టు:
టీవీలో చూసి క్యూబీని తేల్చడం కుదరదండీ. స్నాప్ అయిన క్షణం నుంచి కెమెరా పాకెట్ మీద ఉంటుంది, బాల్ వదిలాక దానివెంట పోతుంది. సేఫ్టీ (అందరికంటే వెనక ఉండే డిఫెండర్) ఎటు జరిగాడు, ఖాళీగా ఉన్నవాడిని క్యూబీ చూశాడా లేదా అన్నది ఫ్రేములో ఉండదు. మైదానం మొత్తం పట్టే కోచింగ్ వీడియో కాలేజీ మ్యాచ్‌లకి మామూలు జనానికి దొరకదు.

మందు ఒకటే, ఎండ్‌జోన్ వెనక అన్నిటికంటే పై వరసలో చవక టికెట్ కొనండి. మన టెక్సస్ డీకేఆర్ స్టేడియంలో లక్షమంది పడతారు, ఆ పైనుంచి మనుషులు చీమల్లా ఉంటారు కానీ ఆట మొత్తం విప్పి చూపించినట్టే. నేను యూటెప్ మ్యాచ్ అక్కడి నుంచే చూశా. కింద బూ కొడుతున్నవాళ్లకి తెలియంది ఏంటంటే, చాలాసార్లు ఆర్చ్ చూస్తున్నది సరైన మనిషినే. చదవడం (డిఫెన్స్‌ని చూసి ఎవరికి వేయాలో తేల్చుకోవడం) దాదాపు కుదిరింది, వేయడం కుదరలేదు. వీటిని వేరుచేయకపోతే చర్చ ఎప్పటికీ తేలదు. చదవడం రాని కుర్రాడు మొదటి రిసీవర్ మీదే కళ్లు అతికించుకుంటాడు, సేఫ్టీ ఆ చూపు పట్టుకుని వచ్చేస్తాడు. ఆర్చ్‌లో నాకది పెద్దగా కనపడలేదు.

ఆస్టిన్_బాబాయ్:
ఇది బావుంది. అయితే స్కీమ్ (కోచ్ ఆట పథకం) సంగతి? మన కోచ్ సార్కీసియన్ ప్లే యాక్షన్‌తో (రన్ అని నటించి పాస్ వేయడంతో) రిసీవర్‌ని ఖాళీ చేసి ఇస్తాడు, ఎవరైనా వేస్తారు అంటాడు మా ఆఫీసులో ఒకాయన.

ప్లేయాక్షన్_పిచ్చోడు:
కొంత నిజమే బాబాయ్. కాలేజీలో లైన్‌మన్ (క్యూబీని కాచే ముందు వరస ఆటగాడు) పాస్ ప్లేలో మూడు గజాలు ముందుకు వెళ్లొచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. అందుకే ఆర్‌పీఓలు (రన్నో పాసో క్యూబీ అప్పటికప్పుడు ఎంచుకునే ప్లేలు) ఇక్కడ అంత పండుతాయి. లైన్‌బ్యాకర్ (ముందు వరస వెనకుండే డిఫెండర్) రన్ అనుకుని ముందుకొస్తే వాడి వెనక స్లాంట్. క్యూబీ చూడాల్సింది ఒక్క మనిషిని. అలాంటివి పక్కన పెట్టి, మూడో డౌన్ (నాలుగు అవకాశాల్లో మూడోది), ఇంకా ఎనిమిది గజాలు కావాలి, అందరికీ పాస్ అని తెలిసిన సందర్భాలు మాత్రం చూడండి. నా దృష్టిలో ఆ పాస్‌ల విలువ మిగతావాటికి పదింతలు.

స్కీమ్ వల్ల కుర్రాడి విలువ కనపడకుండా పోవడం కూడా ఉంది. క్యూబీ జో బరో 2018లో ఎల్‌ఎస్‌యూ కాలేజీలో 57.8 శాతం, 16 టచ్‌డౌన్లు. ఎవరూ మొదటి రౌండ్ అనుకోలేదు. రిసీవర్లు జస్టిన్ జెఫర్సన్, జమార్ చేజ్ అప్పటికే ఆ టీమ్‌లో ఉన్నారు. 2019లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు సెయింట్స్ నుంచి కోచ్ జో బ్రేడీ వచ్చి ఐదుగుర్ని రూట్లలోకి పంపి బాల్ బరో చేతికిచ్చాడు. 76.3 శాతం, 60 టచ్‌డౌన్లు. కళ్లు పెట్టి చూసినవాళ్లకి 2018లో కూడా కనపడింది, మీదపడుతున్నా పాకెట్‌లో అరడుగు పక్కకి జరిగి కళ్లు పైనే ఉంచి వేసేవాడు. శాతంలో మాత్రం అది లేదు.

ఫ్రిస్కో_అమ్మ:
నాకు అదే నచ్చుతుంది, అరడుగు జరగడం. మా వాడు జరగమంటే పది గజాలు పరిగెత్తుతాడు.

చార్‌మినార్_చీర్స్:
మరి ఫైనల్‌గా ఆర్చ్ ఎలాంటివాడు? ఒక్క మాట చెప్పండి.

గ్యాలరీ_టికెట్టు:
ఒక్క మాటలో కుదరదు తమ్ముడూ. నా మట్టుకు నాకు వాడి మంచి రోజు అర్కాన్సాస్ మ్యాచ్ కాదు. 389 గజాలు, పాస్‌తో నాలుగు టచ్‌డౌన్లు, పైగా పరిగెత్తి ఒకటి, క్యాచ్ పట్టి ఒకటి, పండగే. కానీ ఆ డిఫెన్స్ మీద చాలామంది వేస్తారు. టెక్సస్ ఏ అండ్ ఎం మ్యాచ్ చూడు. 29కి 14, 179 గజాలు, అంకెల్లో చెత్త. అప్పటిదాకా ఓటమి ఎరగని టీమ్‌పై 27-17 గెలుపు. వేయకూడనివి వేయలేదు, ఖాళీ లేకపోతే బయటికి పారేశాడు, సందు దొరికినప్పుడు 35 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు.

లెక్కల_మాస్టారు:
గెలుపు డిఫెన్స్‌ది, రన్ గేమ్‌ది. 29కి 14ని పాసింగ్ ఎదుగుదలకి సాక్ష్యంగా నేను ఒప్పుకోను. కాళ్లు తీసేసి చేతిని చూస్తే పక్కవైపు లోతైన త్రోలు ఇంకా గాలివాటమే.

గ్యాలరీ_టికెట్టు:
ఒప్పుకోకండి మాస్టారూ. 2026 సెప్టెంబర్ 12న ఒహాయో స్టేట్ మన ఊరికే వస్తోంది. పై వరసలో నా పక్కన కూర్చోండి, మీరు ఔట్ రూట్లు లెక్కపెట్టండి, నేను కాళ్లు చూస్తా. బైనాక్యులర్స్ నావి, సమోసాలు మీవి. అయితే స్టేడియంలోకి బయటి తిండి రానివ్వరు, పార్కింగ్‌లోనే తినేద్దాం.

ఆస్టిన్_బాబాయ్:
నాకూ ఒక సీటు ఉంచండి. ఆఫీసు ఇద్దరినీ కూడా లాక్కొస్తా, ఆ మధ్యలో వాళ్లని కూర్చోబెట్టండి.