సమస్యాపూరణం: ‘తప్పు దిద్దుకొలది తప్పు పెరిగె’

నిర్వాహకుడు: ఈ వారపు సమస్య ఆటవెలది నాలుగవ పాదం, అయిదు సూర్యగణాలు, త-త యతి. దిద్దితే తరగవలసిన తప్పు పెరగడమే ఇందులోని చిక్కు. 1993లో వర్డ్ 6.0తో వచ్చిన ఆటోకరెక్టు (కొట్టిన మాటను తానే మార్చివేసే సదుపాయం) మన నగరపు డీటీపీ కేంద్రాలలో చేసే చిత్రాలు అందరికీ తెలిసినవే కనుక, పూరణలను ఆ విషయానికే పరిమితం చేయమని కోరాను.

చిక్కడపల్లి సభ్యుని పూరణ:

ఆంగ్లలిపియె యనుచు నక్షరమ్ములఁ జూచి
పెద్దగాను జేసెఁ బెనువివేకి;
తెలుగు గుర్తు మారి తికమక లాయెను;
తప్పు దిద్దుకొలది తప్పు పెరిగె.

నిర్వాహకుడు: యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో మన కంటికి తెలుగు కనిపిస్తున్నా, లోపల ఉండేవి ఆంగ్లాక్షరాల సంకేతాలే. వాక్యం మొదటి అక్షరాన్ని పెద్దక్షరంగా మార్చే సదుపాయం ఆ సంకేతాన్ని మార్చివేయగా, దాని స్థానంలో మరొక తెలుగు గుర్తు వచ్చి కూర్చుంటుంది. ‘పెనువివేకి’ అన్న ఎత్తిపొడుపు బాగున్నది. అయితే ఇక్కడ దిద్దుబాటు ఒక్కసారే జరిగింది. ‘కొలది’ అన్న మాటకు న్యాయం జరగలేదు.

మలక్‌పేట సభ్యురాలి పూరణ:

పొట్టి మాట కొట్టఁ బొడవైన పేరయ్యె;
శాసనసభ లోన సాగె పాట;
చెరిపి మరల కొట్టఁ జేరెను మరి యదే;
తప్పు దిద్దుకొలది తప్పు పెరిగె.

సభ్యురాలి వివరణ: ఆహ్వానపత్రాలు తరచుగా తయారుచేస్తాను కనుక, ‘సభ’ అని కొట్టగానే ‘త్యాగరాయ గానసభ’ అని విస్తరించేటట్లు ఆటోకరెక్టు పట్టికలో చేర్చుకున్నాను. తరువాత ఒక అర్జీలో ‘శాసన సభ’ అని కొడితే ‘శాసన త్యాగరాయ గానసభ’ అయి కూర్చున్నది.

నిర్వాహకుడు: నాకు అన్నిటికంటె నచ్చిన పూరణ ఇది. చెరిపి కొట్టిన ప్రతిసారీ పట్టిక తన పని తాను చేస్తుంది కనుక ‘కొలది’ ఇక్కడ అక్షరాలా సార్థకమైనది. రెండవ పాదంలో ద్రుతం (‘సాగె’ చివరి నకారం) మీద సరళాదేశం వచ్చి, పకారం బకారమై ‘సాగెఁ బాట’ కావాలి. గణాలకు ఇబ్బంది లేదు. మరొక మాట: వర్డ్ విడిగా నిలిచిన పూర్తి పదాన్నే మారుస్తుంది. శాసనసభ సమాసం గనుక కలిపి వ్రాసి ఉంటే ఈ పాట వినవలసి వచ్చేదే కాదు! విభక్తులు పదానికే అతుక్కునే మన భాషకు ఈ నియమం వేరే విధంగా కూడా అడ్డు వస్తుంది: ‘సభలో’, ‘సభకు’ అంటే విస్తరణ జరగదు. లిబ్రె ఆఫీసు పట్టికలో సంక్షిప్తం చివర చుక్కను, నక్షత్రపు గుర్తును చేర్చితే ప్రత్యయంతో సహా మారుతుంది. ఏది వాడినా, నిత్యం వాడే మాటను సంక్షిప్తంగా పెట్టుకోరాదు. పెండ్లిపత్రికల ‘చిలసౌ’ వంటిది మేలు. అది వేరే అర్థంలో ఎదురుకాదు. ఇక జరిగిపోయిన మార్పును వెంటనే కంట్రోల్ జెడ్ నొక్కి వెనుకకు తీసుకోవచ్చును.

కొత్తగా చేరిన ఉప్పల్ సభ్యుని పూరణ:

ఎఱ్ఱ గీతఁ జూచి యెంతయో భయపడి
సంధి విడిచి పదము సాగఁదీసి,
గణము విఱిగె యతియుఁ గడతేఱె నయ్యయో;
తప్పు దిద్దుకొలది తప్పు పెరిగె.

నిర్వాహకుడు: నిఘంటువులో లేని ప్రతి సంధిరూపం క్రింద గీత గీయడం స్పెల్‌చెక్ స్వభావం, పద్యం వ్రాసేవారికి అది తప్పని బాధ. మూడవ పాదం నన్ను నవ్వించింది. కాని ‘సాగఁదీసి’ అన్న క్త్వార్థానికి (అసమాపక క్రియకు) కర్త మీరు, ‘విఱిగె’ అన్న క్రియకు కర్త గణము. ఈ రెండూ పొసగవు. ‘సాగఁదీయ’ అంటే చాలును, గణం కూడా చెడదు.

ఉప్పల్ సభ్యుడు: కృతజ్ఞతలండీ. ‘సంధి విడిచి పదము సాగఁదీయ’ అని సవరించాను. సవరించిన మాట క్రింద కూడా ఎఱ్ఱ గీత పడింది. ఈసారి భయపడక దానిని నిఘంటువుకు చేర్చాను.