24 పదాలు రాసుకున్నాక, డబ్బు పంపే ముందు ఇంకేం చూసుకోవాలి?

కొత్తబాట:
హార్డ్‌వేర్ వాలెట్ (క్రిప్టో తాళాలు ఇంటర్నెట్‌కి దూరంగా దాచే చిన్న పరికరం) చేతికొచ్చింది, ఇంకా పెట్టె విప్పలేదు. క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లో ఉన్న బిట్‌కాయిన్, కొంత యూఎస్‌డీటీ (డాలర్ విలువకు కట్టిన క్రిప్టో) ఇందులోకి మార్చాలి. పెట్టె మీద సీలు చెక్కుచెదరలేదు, అది చాలా? పరికరం ఇచ్చే 24 పదాల్ని (అది పోయినా డబ్బు తిరిగి తెచ్చిపెట్టే తాళంచెవి) ఫోన్‌లో ఫోటో తీసి గ్యాలరీకి లాక్ వేస్తే పర్లేదా? ఆ పదాలకు తోడు మనమే కలుపుకునే పాస్‌ఫ్రేజ్ అని ఇంకోటి ఉందంటున్నారు, పెట్టుకోవాలా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

తాళంకప్ప:
సీలుని లెక్కలోకే తీసుకోకండి, ఆ స్టిక్కర్ ఎవరైనా అచ్చేయించుకోవచ్చు. పెట్టెలో ముందే పదాలు నింపిన కార్డు ఉన్నా, పిన్ ముందే పెట్టి ఉన్నా ఆ పరికరం వాడొద్దు. ఆ పదాలు ఇంకొకరి దగ్గరా ఉన్నట్టే. పదాలు మీ కళ్లముందు, పరికరం తెర మీదే పుట్టాలి. లెడ్జర్ బ్రాండ్‌ది అయితే కంపెనీ యాప్‌కి కలపగానే లోపలి చిప్‌ని అడిగి అసలుదో నకిలీదో తేలుస్తుంది. ట్రెజర్ బ్రాండ్‌ది ఫర్మ్‌వేర్ (పరికరాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) లేకుండానే వస్తుంది, కాబట్టి మొదటిసారే ఫర్మ్‌వేర్ ఉందని చూపిస్తే అక్కడే ఆగండి. యాప్ కోసం సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటన నొక్కొద్దు, సైట్ చిరునామా మీరే టైప్ చేయండి.

పోస్టులో "మీ పాతది మార్చుకోండి" అంటూ అడగని పరికరం వస్తే అసలు ముట్టుకోవద్దు. 2020లో లెడ్జర్ కస్టమర్ల చిరునామాలు బయటపడ్డాక, మరుసటి ఏడాది కొందరికి అచ్చం అలాంటి నకిలీలే వెళ్లాయి.

ఫోటో మాత్రం వద్దే వద్దు. గ్యాలరీకి లాక్ వేసినా ఆ ఫోటో క్లౌడ్ బ్యాకప్‌లోకి పోవచ్చు. పైగా ఫోటోల్లో అక్షరాలు చదివి వాలెట్ పదాలు ఏరుకునే మాల్‌వేర్ 2025లో అధికారిక యాప్ స్టోర్లలోనే బయటపడింది. పెన్నుతో కాగితం మీద, నంబర్లు వేసి, పెద్దక్షరాల్లో రాయండి. పరికరం ఈ పదాల్ని ఏరే ఇంగ్లీషు జాబితాలో మొత్తం 2048 పదాలు, మొదటి నాలుగు అక్షరాలు చూస్తే ఏ పదమో తెలిసిపోతుంది. మూడక్షరాల పదాల దగ్గరే జాగ్రత్త: యాక్ట్, యాక్షన్, యాక్టర్ మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. అలాంటిచోట పదం అక్కడితో అయిపోయిందని తెలిసేలా చివర గీత పెట్టండి.

గడియమాను:
పై జవాబంతా సరే. ఎక్కువమంది వదిలేసేది దాని తర్వాతి మెట్టు. రాసుకున్న కాగితం పనిచేస్తుందో లేదో డబ్బు వేయకముందే తేలాలి.

ముందు ఫర్మ్‌వేర్ అప్‌డేట్, తర్వాత పిన్, తర్వాత పదాలు. బిట్‌కాయిన్ ఖాతా తెరిచి మొదటి రిసీవ్ అడ్రస్ (డబ్బు అందుకునే చిరునామా) రాసిపెట్టుకోండి. ఎక్స్ఛేంజ్ ఒప్పుకునే అతి తక్కువ మొత్తం దానికి పంపండి. అది చేరాక పరికరాన్ని పూర్తిగా చెరిపేయండి. లెడ్జర్‌లో మూడుసార్లు పిన్ తప్పు కొడితే అదే చెరిగిపోతుంది, ట్రెజర్‌లో 16 సార్లు కావాలి గనక సెట్టింగ్స్ నుంచి చేయడమే సుఖం. ఇప్పుడు కాగితం చూసి, పరికరం మీదే పదాలు ఎక్కించండి. కంప్యూటర్‌లో గానీ వెబ్‌పేజీలో గానీ టైప్ చేయమని ఎవరడిగినా అది దొంగతనమే అనుకోండి. అదే అడ్రస్, అదే బ్యాలెన్స్ కనబడితే కాగితం గెలిచింది.

పదాలు చెల్లవని వస్తే ఎక్కడో తప్పు రాశారు, లేదా వరస తారుమారైంది. చివరి పదంలో తప్పులు పట్టే 8 బిట్ల సరిచూపు ఉంటుంది. తప్పు వరస దాన్ని దాటే అవకాశం 256లో 1 మాత్రమే. పదాలు చెల్లి, బ్యాలెన్స్ మాత్రం సున్నా అంటే కంగారొద్దు. చాలాసార్లు ఖాతా రకం మారి ఉంటుంది: 1తో, 3తో, బీసీ1తో మొదలయ్యే అడ్రస్‌లు ఒకే పదాల నుంచి వేర్వేరు దారుల్లో పుడతాయి. మూడూ తెరిచి చూడండి.

కొత్తబాట:
చెరిపేయడమంటే గుండె ఝల్లుమంటోంది! పాస్‌ఫ్రేజ్ సంగతి ఎవరూ చెప్పలేదు. 24ని 12, 12గా విడగొట్టి రెండు చోట్ల దాస్తే నయమా?

పాతనాణెం:
విడగొట్టొద్దు. రెండిట్లో ఏ సగం పోయినా మొత్తం పోయినట్టే, అంటే ప్రమాదం రెట్టింపు చేసుకుంటున్నారు. పంచి దాచాలనుంటే, కొన్ని పరికరాల్లో షమీర్ బ్యాకప్ ఉంది: 20 పదాల చొప్పున మూడు ముక్కలు, ఏ రెండున్నా చాలు. లేకపోతే పూర్తి ప్రతులే రెండు రాసి వేర్వేరు భవనాల్లో పెట్టండి. ఒకటి స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు మీద చెక్కితే నిప్పుకీ నీళ్లకీ తట్టుకుంటుంది.

పాస్‌ఫ్రేజ్‌లో చిక్కేమిటంటే, తప్పు పాస్‌ఫ్రేజ్ అనేదే లేదు. ఏది కొట్టినా ఏదో ఒక వాలెట్ తెరుచుకుంటుంది, ఖాళీగా. ఒక్క స్పేస్, ఒక్క పెద్దక్షరం తేడా వచ్చినా అంతే, పరికరం హెచ్చరించదు. కాగితం దొంగ చేతికి చిక్కినా డబ్బు దక్కకూడదంటే అది మంచి కాపలా. కానీ దాన్నీ రాసి, పదాలకు దూరంగా పెట్టాలి. నన్నడిగితే మొదటి నెలలు అది లేకుండానే నడపండి. దొంగల చేతిలో పోయినదానికంటే మరిచిపోయి పోగొట్టుకున్నదే ఎక్కువనిపిస్తుంది.

యూఎస్‌డీటీకి ఇంకో సంగతి. అది ఏ నెట్‌వర్క్ (ఎథీరియం, ట్రాన్ లాంటి బ్లాక్‌చెయిన్) మీదుందో చూసి, మీ పరికరం దాన్ని ఆడించగలదో తెలుసుకున్నాకే పంపండి. ఎథీరియం మీదైతే తిరిగి కదిలించే రుసుముకి కొంచెం ఈథర్ (ఎథీరియం నాణెం), ట్రాన్ మీదైతే కొంచెం టీఆర్‌ఎక్స్ (ట్రాన్ నాణెం) అదే అడ్రస్‌లో ఉండాలి. లేకపోతే డబ్బు కనబడుతుంది, కదలదు.

తాళంకప్ప:
ఇంకొక్కటి. కాపీ చేసిన అడ్రస్‌ని మార్చేసే మాల్‌వేర్ ఉంది గనక, పంపేముందు ఎక్స్ఛేంజ్‌లో అతికించిన అడ్రస్‌నీ పరికరం తెర మీది అడ్రస్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదలూ చివరా చూసి వదిలేయొద్దు, ఆ రెండూ కలిసేలా అడ్రస్‌లు తయారుచేసి మీ లావాదేవీల చరిత్రలోకి తోసేవాళ్లున్నారు. నడుమ అక్షరాలూ చూడాలి. లావాదేవీకి సంతకం (ఒప్పుకోలు) అడిగినప్పుడు పరికరం తెర మీద అర్థంకాని అంకెల చాంతాడు వస్తే రద్దు నొక్కండి. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే ఎక్స్ఛేంజ్ నుంచి దాదాపు 150 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ పోయింది. అక్కడ హార్డ్‌వేర్ వాలెట్లను ఎవరూ బద్దలుకొట్టలేదు. వెబ్‌పేజీ ఒకటి చూపించింది, సంతకం ఇంకోదాని మీద పడింది.