లండన్ జార్జ్ ఇన్‌కి శాకాహారులతో వెళ్తే ఎలా ఉంటుంది?

జయనగర్_వాసి:
మే నెలలో బెంగుళూరు నుంచి లండన్ వెళ్తున్నాం. గుర్రబ్బళ్ళ కాలం నాటి సత్రం పబ్బయిందట కదా, ఆ జార్జ్ ఇన్‌లో ఒకపూట భోంచేద్దామని. నాన్నగారు గుడ్డు కూడా ముట్టరు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. తమ్ముడికి 17. ఎక్కడ ఇబ్బంది పడతామో చెప్పండి.

సత్రాల_పిచ్చి:
లండన్ బ్రిడ్జ్ స్టేషన్ నుంచి నడకే. బరో హై స్ట్రీట్ మీంచి చూస్తే కనబడదు, సందులోకి తిరగాలి. బళ్ళు లోపలి వాకిట్లోకి వచ్చి ఆగే పద్ధతి కాబట్టి ఆ కట్టుబడి.

చూడగానే "ఇంతేనా" అనిపిస్తుంది. 1676 అగ్నిప్రమాదం తర్వాత 1677లో మళ్ళీ కట్టినప్పుడు వాకిలికి మూడు వైపులా చెక్క వరండాలు ఉండేవి, మన మండువా ఇంటి లెక్కన. 1889లో రైల్వే కంపెనీ రెండు వైపులు కూల్చేసింది. మిగిలింది దక్షిణం వైపు మాత్రమే. వాకిట్లో వీలైనంత వెనక్కి జరిగి నిలబడితే రెండు అంతస్తుల వరండా పూర్తిగా కళ్ళబడుతుంది. 1937 నుంచి నేషనల్ ట్రస్ట్ అనే పాత కట్టడాల సంరక్షణ సంస్థ ఆస్తి.

లోపల దూలాలు తక్కువ ఎత్తు, నేల ఎగుడుదిగుడు. అమ్మగారికి కింది గదులో, వాకిట్లో బల్లలో మేలు. బార్‌లో పాత పెద్ద గడియారం ఉంది. 1797లో గడియారాలపై పన్ను వేస్తే జనం కోసం సత్రాలవాళ్ళు ఇలాంటివి తగిలించారని చెబుతారు.

గడియారం_బాబాయ్:
చిన్న సవరణ. ఆ రకం గడియారాలు పన్నుకు ముందే ఉన్నాయి. పన్ను మరుసటి ఏడాదే ఎత్తేశారు కూడా.

వంటింటి_లెక్క:
నాన్నగారి విషయంలో ఆదివారం రోస్ట్ (కాల్చిన మాంసం ప్రధానంగా ఉండే భోజనం) దగ్గర జాగ్రత్త. యార్క్‌షైర్ పుడ్డింగ్ పేరు చూసి తీపి అనుకోకండి, గుడ్డూ పాలూ మైదా పిండి కలిపి వేడి కొవ్వులో పొంగించేది. గ్రేవీ చాలాచోట్ల మాంసం రసంతోనే. చిప్స్ కూడా చేప వేయించిన నూనెలోనే వేయించే చోట్లున్నాయి, అడగాలి. మెనూలో "వి" గుర్తుంటే మాంసం, చేప లేవని మాత్రమే. గుడ్డు ఉండొచ్చు. "విఇ" అంటే వీగన్, గుడ్డూ పాలూ కూడా లేనిది, నాన్నగారికి అదే చూడండి. గుడ్డు, పాలు, చేపతో కలిపి 14 అలర్జీ పదార్థాల వివరాలు చెప్పడం అక్కడ చట్టం, మొహమాటం లేకుండా అడగండి.

పబ్బుల్లో మామూలుగా బల్ల నంబరు చూసుకుని, బార్ దగ్గరికెళ్ళి ఆర్డరిచ్చి, అక్కడే డబ్బు కట్టాలి. కూర్చుని వెయిటర్ కోసం చూస్తే చూస్తూనే ఉంటారు! వంటగది బార్ కంటే ముందే మూసేస్తారు, ఆలస్యం చేయొద్దు.

జయనగర్_వాసి:
ధన్యవాదాలండీ. తమ్ముడి సంగతి? అక్కడ బీరు చల్లగా ఉండదంటారు, నిజమా?

సత్రాల_పిచ్చి:
18 నిండందే మద్యం కొనకూడదు. 16, 17 వాళ్ళకు భోజనంతో పాటు పెద్దవాళ్ళు బీరు, వైన్, సైడర్ కొనివ్వొచ్చు. అయినా పబ్బువాళ్ళు కాదనవచ్చు, వాదించొద్దు. పాతికేళ్ళ లోపులా కనబడితే ఎవరినైనా గుర్తింపు అడుగుతారు, అసలు పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోండి.

పీపాలోంచి చేతిపంపుతో లాగే బీరు, అంటే కాస్క్ ఏల్‌ని 11 నుంచి 13 డిగ్రీల దగ్గర పోస్తారు. ఇందిరానగర్ బ్రూవరీల చల్లదనానికి అలవాటైన నోటికి వెచ్చగా అనిపిస్తుంది, పాడైపోయి కాదు. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు, ముందు సగం తీసుకుని చూడండి. చాలా కాస్క్ ఏల్స్‌ని చేప తిత్తి నుంచి తీసిన ఐసింగ్‌లాస్‌తో తేరుస్తారు. కాబట్టి నాన్నగారు రుచి చూస్తానంటే ముందు అది కనుక్కోండి.

వంటింటి_లెక్క:
తినుబండారాల బరో మార్కెట్ పక్కనే. ఆ మార్కెట్‌కి సోమవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి.